ఏళుమలై ఎడమకన్ను

గోడ మీద మూడు చదరాలు,
ఒక్కొక్కటి తువ్వాలంత.
పద్నాలుగు రోజులుగా వాటి ముందే
అన్నం తింటున్నాం, పోట్లాడుతున్నాం,
ఫ్యాను కింద ఆరేసిన బట్టలు మడతపెడుతున్నాం.

కార్డు మీద వాటి పేర్లు
మార్నింగ్ మాస్, క్వయట్ ఫెర్న్, ఓల్డ్ గార్డెన్.
నేను పెట్టుకున్నవి వేరు:
నానిన పెసలు,
మూడోనాటి కరివేపాకు,
బస్సు సీటు.
మా ఆయన కేదారికి మూడూ ఒకటే.
"పచ్చే కదా" అంటాడు,
రసంలో ఉప్పు సరిపోయిందా అంటే
"రసమే కదా" అన్నట్టు.

పెరంబూరులో మా గదికి సొంత వెలుతురు లేదు.
పక్క మేడవాళ్ళ గులాబీ గోడకు తగిలి
వాళ్ళకి అక్కర్లేనిది మాకొస్తుంది.
పొద్దున ఎనిమిదికి పెసలు బాగుంటాయి,
పదకొండుకి బస్సు సీటు.
నాలుగయ్యేసరికి మూడింటికీ
జ్వరమొచ్చినట్టు చెంపలు ఎర్రబడతాయి.
ట్యూబులైటు వేస్తే
ఆసుపత్రి వరండా.

పదిహేనో రోజు ఏళుమలై వచ్చాడు,
నలభై ఏళ్ళుగా ఈ ఊరి గోడలకు చొక్కాలు మారుస్తున్నవాడు.
ఎగ్మూరు కంటాసుపత్రిలో
ఎడమకంటి శుక్లం తీసి నెలయింది,
కుడిది పై నెల.
నల్లద్దాలు నుదుటి మీదికి తోసి
అరచేత్తో ఒక కన్ను మూశాడు,
తర్వాత రెండోది.
మళ్ళీ. మళ్ళీ.
గోడతో దోబూచులాడుతున్నట్టు.

"ఈ కంటికి మూడూ మంజళ్ మా.
ఈ కంటికి మూడూ పచ్చై.
అదిగో ఆ మధ్యది, కొంచెం నీలం కూడా."

ముందు నాకు నవ్వొచ్చింది.
మా భాషలో చామంతీ పచ్చే, చిలకా పచ్చే,
కామెర్లూ పచ్చవే,
పచ్చగా ఉండమనే దీవెనా పచ్చదే.
అంటే కొయ్యని కన్ను తెలుగు మాట్లాడుతోంది,
కోసిన కన్ను తమిళం.
ఆ మాటే చెప్పాను.
అతను నవ్వలేదు.

నిచ్చెన మెట్టు మీద కూర్చుని
వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు.
అయనావరం డాక్టరమ్మ పడగ్గది,
ఓటేరిలో ప్రెస్సు మెట్లు,
విల్లివాక్కం కవలపిల్లల గది,
సొంత చెల్లెలి వంటిల్లు.
"ఆరేళ్ళు మా. ఆరేళ్ళు రెండు కళ్ళూ పొగే.
అన్నీ నా చేత్తో కలిపిన రంగులు.
క్రీము అనుకుని ఏం వేశానో!
ఒక్కరూ ఒక్క మాట అనలేదే."

ఏమనాలో తెలియక టీ పెట్టాను.
ఎవరంటారు?
గోడ ఎలా ఉంటే అలా
కళ్ళే సర్దుకుంటాయి,
మొగుడి గురకకు చెవులు సర్దుకున్నట్టు.

"రెండో కన్ను కూడా అయ్యేదాకా ఆగుదామా?"
"వద్దు మా. ఆ కంటి మందులకే కావాలి
ఈ గది కూలి."

చివరికి కరివేపాకే వేయించాం.
"మరి తాలింపు?" అన్నాడు కేదారి,
తన జోకుకి తనే మురిసిపోతూ.
ఎందుకు అదే అంటే చెప్పలేను.
నీలం కూడా ఉందన్నాడు కదా,
నాకు కనపడనిది ఒకటి ఇంట్లో ఉండనీ అనుకున్నానేమో.
మొదటి రాత్రి గుమ్మంలో నిలబడి
"ఇది ఆ మధ్యదేనా?" అని అడిగాడు.
నాకూ అనుమానమే.
నాలుగు గోడలు దక్కాక
తువ్వాలంత ఉన్నప్పటి మనిషి కాదది.

ఏప్రిల్‌లో, ఫోనైనా చెయ్యకుండా, ఏళుమలై వచ్చాడు.
నల్లద్దాలు జేబులో ఉన్నాయి.
గది మధ్య నిలబడి నెమ్మదిగా చుట్టూ తిరిగాడు.
రంగు గురించి ఏమీ అనలేదు.
స్విచ్చుబోర్డు దగ్గర వంగి,
అగ్గిపుల్లంత సందులో
పాత సున్నం బయటపడి ఉంటే
వేలితో తడిమి
"ఇక్కడ వదిలేశాను" అన్నాడు.
"డబ్బాలో ఏమైనా మిగిలిందా మా?"

అటక మీద ఉంది,
తొరక కట్టి.
చీపురుపుల్లతో అంచు పట్టుకుని,
చిరగకుండా, ఊపిరి బిగబట్టి,
తొరకంతా ఒక్కసారే ఎత్తి
పాత పేపరు మీద పెట్టాడు.
కింద తడిగా ఉంది.
పచ్చగా ఉంది.